నీళ్ళలో మునిగిన నూనె

కూసో సుమా. ఆ ఫోను అవతల పెట్టి సరిగ్గా కూసో. సగం చెవితో వినేదానికైతే నేను చెప్పేది లేదు. నిన్న మీ నాయన నా మోకాళ్ళకని ఒక సీసా తెచ్చి గూట్లో పెట్టినాడే, దాని మూత ఈ ఇంట్లో ఎవరూ తియ్యగూడదు. ముందు అది రాసుకో. కరెంటు నూనె అంట, ఎవరో స్నేహితుడు ఇచ్చినాడంట, రెండు పూటలు పూస్తే మీ అమ్మ లేచి పరిగెత్తుతాదని మీ నాయనతో అన్నాడంట. ఆ సీసా నా దగ్గరికి తేవద్దని అరిచినాను. వయసైపోయిందిలే అనుకున్నాడు మీ నాయన. వాడికి తెలీదు. వాడు పుట్టకముందు సంగతి. మీ తాత ఉన్నన్నాళ్ళు ఆ మాట నేను ఎత్తలేదు, ఆయన మనసు కష్టపడుతుందని.

నేను చెప్పేదాన్ని నువ్వు పుస్తకం తెలుగులోకి దిద్దుకుంటావు, నాకు తెలుసు. దిద్దుకో. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ముట్టుకోవద్దు. మా అత్త మాట దిద్దితే ఆమె మా అత్తే కాదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది అది. రేడియోలో ఆ కబుర్లు వింటూ పాపకు పాలిచ్చినట్టు గుర్తు. పాప నా తొలిచూలు బిడ్డ, అప్పటికి నెలల పసిది. మేము అప్పుడు పుంగనూరులో ఉండేవాళ్ళం. మీ తాత బాషా అనే ఆయన షాపులో మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. బావులకు కరెంటు మోటార్లు కొత్తగా బిగిస్తున్న రోజులు. వోల్టేజి చాలక కాలిపోయిన మోటార్లు చౌడేపల్లె వైపు నుంచి కూడా ఎద్దులబండ్ల మీద వచ్చి ఆ షాపు ముందు దిగేవి. మాడిన రాగితీగ వాసన మీ తాత చొక్కాను ఎన్నడూ వదల్లేదు.

ఆ షాపు వెనక ఒక డ్రమ్ము ఉండేది. బెంగుళూరులో మూతపడిన ఏదో ఫ్యాక్టరీ పాత సామాను బాషా కొన్నాడు, లోపలి రాగి కోసం. ట్రాన్స్‌ఫార్మర్లంటారే, ఆ కరెంటు పెట్టెలు విప్పితే రాగితో పాటు నూనె వచ్చింది. దాన్ని డ్రమ్ములో పోసి పెట్టాడు. జనం దానికి కరెంటు నూనె అని పేరు పెట్టారు. ఏళ్ళ తరబడి కరెంటులో నానింది కదా, ఆ శక్తి నరాల్లోకి దిగుతుందని నమ్మకం. మోకాళ్ళకు అదే, నడుముకు అదే, పక్షవాతానికీ అదే. బాషా ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక షాపు ముందు సీసాలు పట్టుకుని జనం నిలబడేవాళ్ళు. "దువా చెయ్యండమ్మా, అదే సాలు నాకు" అంటూ ఒక్కొక్కరికీ గరాటు పెట్టి పోసేవాడు. అమ్మి ఉంటే ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది. పుణ్యానికి పంచినవాణ్ణి ఏమని తిట్టేది?

మా అత్త చెంగమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె నోరు వీధి చివరిదాకా వినిపించేది కానీ కాళ్ళు గడప దాటేవి కావు. మీ తాత ఆ నూనె తెచ్చిన రోజున ఆమె ఇరుగుపొరుగును పిలిచి, చెంబు నీళ్ళలో ఒక చుక్క వేసి చూపించింది.

"సూడండమ్మా, మీ ఆముదం తేలతాది, శెనక్కాయ నూనె తేలతాది. ఇది సూడండి, రాయి మాదిరి మునిగిపోయ. బరువుండేదాంట్లోనే గదమ్మా బలముండేది!"

నిజంగానే మునిగింది. చెంబు అడుగున ముత్యం మాదిరి గుండ్రంగా కూర్చుంది. పక్కింటి మునెమ్మ "నీ మాదిరే ఉండాది చెంగమ్మా, యాడ కూసుంటే ఆడే" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

రోజూ సాయంత్రం ఆ నూనె నిప్పుల మీద వెచ్చచేసి ఆమె మోకాళ్ళకు మర్దనా చేయడం నా పని. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండల వాసన లాంటిది ఒకటి వచ్చేది, కొంచెం ఘాటుగా. ఆవిరి కళ్ళకు తగిలేది. వెచ్చదనానికో, నా చేతి మర్దనాకో గానీ, అత్తకు హాయిగా ఉండేది. "నీ చేతిలో ఏదో ఉండాదమ్మే" అనేది. అట్లాంటి మాట ఆమె నోట రావడమే గొప్ప.

మరుసటి ఎండాకాలం వచ్చేసరికి నా చెంపల మీద, చెవుల వెనక, నల్ల గింజలు లేచాయి. గిల్లితే రాలేవి కావు. తరువాత సెగ్గడ్డలు. ఒకటి పగిలి మానేలోపల ఇంకొకటి. మెడ మీద, చంకలో, తొడ మీద. అత్త ఒక్కటే మాట, "బాలింతరాలు మామిడికాయ ఊరగాయ నాకితే గడ్డలు గాక ముత్యాలు లేస్తాయా?" వేపాకు నూరి పూసింది, దిష్టి తీసింది, నాగులకట్టకు పాలు పోయించింది. ఆమె చేయనిది లేదు.

ఆ తరువాత జ్వరాలు మొదలయ్యాయి. వీధిలో ఒకరికి జలుబు చేస్తే నాకు చేస్తుంది. వాళ్ళకు తగ్గిపోతుంది, నాకు రొమ్ములోకి దిగుతుంది. నోరంతా పూత, సంగటి ముద్ద మింగాలంటే కళ్ళలో నీళ్ళు. ఒంట్లో తలుపులన్నీ ఎవరో తీసి పెట్టినట్టు, దారిన పోయే రోగమల్లా లోపలికి వచ్చి కూర్చునేది.

నా సంగతి సరే. పాపకు చెవి కారడం మొదలైంది. కుడి చెవి. దూది పెడితే పొద్దున్నకు పచ్చగా తడిసిపోయేది. మందు చుక్కలు వేస్తే ఆరేది, మళ్ళీ కారేది. బరువు పెరగడం ఆగిపోయింది. ఏడ్చే ఓపిక కూడా తగ్గింది సుమా, దానికే నాకు ఎక్కువ భయమేసింది. అరిచే బిడ్డను చూస్తే విసుగు. అరవని బిడ్డకు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకోవాలి.

నా దగ్గు విని మునెమ్మ మా ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేసింది. బయటికి అనలేదు. "ఇప్పుడే తాగొచ్చినాలే" అనేది. వీధి అంతా టీబీ అని చెప్పుకుంటున్నట్టు మాకు అర్థమైంది. ఇంట్లో కూడా నాకు గ్లాసు వేరు, అన్నం తినే తట్ట వేరు. ఒకరోజు మీ తాత పాపను ఎత్తుకుని, నా వైపు చూడకుండా, "దీన్ని కుప్పంలో మీ అమ్మ కాడ ఇడిసిపెడదాం. నీకు బాగయ్యేదాకా" అన్నాడు.

"పాలో?" అన్నాను.

"డబ్బా పాలు లేవా?"

"పసిబిడ్డను తల్లి నుంచి పీకేదానికి నువ్వెవుడురా?" అని అత్త లోపలినుంచి లేచింది. "ముందు ఆసుపత్రికి తీసుకపో. టీబీ అయితే అప్పుడు సూద్దాం. గాకపోతే ఈ మాటన్న నాలిక్కి వాత పెడతా."

అట్లా మదనపల్లెకు పోయాం. అక్కడి మిషన్ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజులే నాకు అన్నిటికంటే బాగా గుర్తు. సిమెంటు అరుగు, ఫినాయిలు వాసన, గోడకు ఏసు పటం. దగ్గేవాళ్ళు దగ్గుతూనే ఉంటారు, ఎవరు దగ్గినా అందరం ఒకసారి అటు చూస్తాం. నా పక్కన కలకడ నుంచి వచ్చిన ఒకావిడ, పేరు కూడా అడగలేదు నేను, పాప నా ఒళ్ళో జారిపోతుంటే లాగి తన ఒళ్ళో వేసుకుంది. మునెమ్మ నీళ్ళు కూడా తాగని ఇంటి బిడ్డను, కారే చెవిని తన కొత్త చీరకు ఆనించుకుంది. "మా అక్క బిడ్డకూ ఇట్లే కారేది, ఇప్పుడు పెండ్లయి పోయ" అంది. ఆ మాట నిజమో, నాకోసం కల్పించిందో. ఇప్పటికీ ఆమెకు దణ్ణం పెట్టుకుంటాను.

డాక్టరమ్మ పేరు సుగుణ. ఆ ఊరి మనిషే. కళ్ళె పరీక్షకు ఇచ్చాం, రొమ్ముకు ఎక్స్‌రే తీశారు. ముంజేతికి చిన్న సూదిమందు వేసి, చుట్టూ పెన్నుతో గీత గీసి, "ఇది పొంగుతుందేమో చూడాలి, మళ్ళీ రండి" అన్నారు. ఊరికి పోయి రావడం కష్టమని ఆసుపత్రిలో పనిచేసే ఒక ఆయమ్మ వాళ్ళింటి పంచలో చోటిచ్చింది. ఆ పంచలో కూర్చుని మేము చేసిన పని ఒక్కటే, నా ముంజేయి చూసుకోవడం. మీ తాత వెలుతురులోకి తిప్పి చూసేవాడు, వేలితో తడిమేవాడు. పొంగకూడదు దేవుడా, పొంగకూడదు. పొంగలేదు. తామరాకు మాదిరి నునుపుగా ఉంది. మీ తాత ముఖంలో ఆ పొద్దు నవ్వు చూడాలి నువ్వు. ఆయమ్మ పిల్లలకని బజారుకు పోయి మైసూరుపాకు తెచ్చాడు.

డాక్టరమ్మ నా చేయి చూసింది. నవ్వలేదు.

"టీబీ లేదు గదమ్మా?" అన్నాడు మీ తాత.

"కళ్ళెలో లేదు. ఎక్స్‌రేలో లేదు. టీబీ కాదు."

"మరి యాలమ్మా మీరు అట్ల సూస్తాండారు?"

ఆమె నా ముంజేయిని కొంచెంసేపు అట్లాగే పట్టుకుంది. "మన పక్క పెద్దోళ్ళలో శానామందికి ఈ సూది వేస్తే ఎంతో కొంత పొంగుతుందప్పా. ఆ టీబీ పురుగును ఎప్పుడో ఒకప్పుడు చూసి ఉంటుంది ఒళ్ళు, గుర్తుపట్టి లేస్తుంది. ఈమెకు చుక్కంత కూడా లేవలేదు. గడ్డలు మానవు, జలుబు తగ్గదు. కుక్క మొరగలేదంటే దొంగ రాలేదని సంబరపడేదా, కుక్కకు ఏమైందో చూసుకునేదా?"

మైసూరుపాకు పొట్లం మీ తాత చేతిలోనే ఉంది.

అప్పుడు ఆమె నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చెవుల వెనక చూసింది. గోళ్ళు చూసింది, అవి నల్లబడి ఉన్నాయి. తరువాత మీ తాతను ముంజేతులు చూపించమంది. ఆయనకూ అవే నల్ల గింజలు. అంతవరకు మేము గమనించనే లేదు, పనిలో మసి అనుకున్నాం. ఏం పని చేస్తావు, ఏం పూసుకుంటారు, ఏం కాల్చుతారు అని ఒక్కొక్కటే అడిగింది. నూనె సంగతి చెప్పాం. నీళ్ళలో మునుగుతుందని కూడా చెప్పాను, గొప్పగా చెప్పినట్టే చెప్పాను.

"మునుగుతుందా?" అని రెండోసారి అడిగింది.

ఫ్యాక్టరీల్లో కొన్ని రకాల నూనెలు ముట్టుకునే పనివాళ్ళకు ఇట్లాంటి గింజలు వస్తాయని ఆమె చదివిందట. మంట అంటుకోకుండా, ఎన్నేళ్ళైనా చెడకుండా ఉండాలని చేసిన నూనెలట అవి. "అదే చిక్కు. పెట్టెలో చెడదు, ఒంట్లో కూడా చెడదు. కొవ్వులో చేరి కూర్చుంటుంది. ఒంటికి కాపలా కాసే శక్తిని అణగదొక్కుతుందేమో అని నా అనుమానం. రుజువు చేసే పరీక్ష నా దగ్గర లేదు. మీ నూనె అదేనని కూడా ప్రమాణం చేయలేను. కానీ ఈ రోజే మానెయ్యండి."

"పాపకు నా పాలు ఇయ్యొచ్చా?"

ఆమె పాపను ఎత్తుకుని చేత్తో బరువు చూసింది.

"పాలల్లో కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వులో అది లేదని చెప్పలేను. కానీ ఈ బిడ్డ ఉండే స్థితిలో, సీసా పాలకు మీ ఊరి నీళ్ళు కలిపితే, ఈ వానాకాలం దాటుతుందని కూడా చెప్పలేను. ఇవ్వు. ఆ నూనె మాత్రం బిడ్డ దరిదాపుల్లోకి రానియ్యొద్దు."

బస్సులో పుంగనూరు దాకా పాలిస్తూనే ఉన్నాను. ప్రతి గుక్కకూ బిడ్డకు ఏమిస్తున్నానో అని తల్లి భయపడాల్సి రావడం ఎట్లా ఉంటుందో, అది నీకు ఎన్నటికీ తెలియకూడదు.

బాషా మొదట నమ్మలేదు. "ఎంతమంది దువా ఇచ్చినారమ్మా దీనికి!" అన్నాడు. మీ తాత తన చేతులు చూపించాడు. బాషా తన చొక్కా చేతులు పైకి మడిచి చూసుకున్నాడు. "యా అల్లా" అని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆ శుక్రవారం సీసాలతో వచ్చినవాళ్ళనందరినీ తిప్పి పంపాడు, ఇండ్లకు పోయి మరీ వద్దని చెప్పాడు. కొందరు తిట్టారు, ఇప్పుడు అమ్ముకుంటాడేమో అని. డ్రమ్మును ఏం చేయాలో మాత్రం తోచలేదు. నేలమీద పోస్తే బావుల్లోకి దిగుతుంది, కాల్చితే పొగ ఇంకా చెడ్డదని డాక్టరమ్మ చెప్పింది. మూతకు బిరడా కొట్టి, వెనక గదిలో పెట్టి తాళం వేశాడు.

మా ఇంట్లో సీసా కూడా తిరిగి ఇచ్చేశాం. అత్త గొణిగింది గానీ ఒప్పుకుంది. నేను వావిలాకు ఉడికించి ఆమె మోకాళ్ళకు కాపడం పెట్టేదాన్ని. వానలు పడ్డాయి. నా గడ్డలు కొంచెం కొంచెంగా పలచబడ్డాయి. పాప చెవి మాత్రం ఆరలేదు. ఒకరోజు చెవి వెనక వాచి, జ్వరంతో ఒళ్ళు కాలిపోయి, డాక్టరమ్మ దగ్గర సూదులు వేయించుకుని వచ్చాం. మళ్ళీ ఇట్లా వస్తే నా చేతుల్లో ఉండదు అని చెప్పి పంపింది ఆమె. నా పాలే కారణమనుకుని మనసు రాయి చేసుకున్నాను. పాలు మాన్పించాలని నిర్ణయించుకున్నాను. చేదుకు బిడ్డ నోరు పెట్టదని, చన్నులకు వేపాకు పూసుకునేదానికి ఆకు కూడా కోసి పెట్టుకున్నాను.

ఆ పొద్దున అత్త పాపకు నీళ్ళు పోస్తోంది. నువ్వు చూసి ఉండవు, ఇప్పుడంతా ప్లాస్టిక్ తొట్లు. అప్పట్లో పెద్దామె దొడ్లో బండ మీద కూర్చుని, రెండు కాళ్ళూ చాచి, చీర మోకాళ్ళపైకి ఎగగట్టి, బిడ్డను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోసేది. బిడ్డ ముఖం, చెవి, రొమ్ము అన్నీ ఆ కాళ్ళకు అతుక్కుని ఉంటాయి. నీళ్ళకు కరువు కాబట్టి కాళ్ళకింద వెడల్పు ఇత్తడి తట్ట పెట్టేవాళ్ళం, ఆ నీళ్ళు చిక్కుడు పాదుకు పోసేదాన్ని. అత్త పాపను తుండులో చుట్టి లోపలికి తీసుకుపోయింది. నేను తట్ట ఎత్తాను. నీళ్ళు నిలకడగా తేరుకున్నాయి. అడుగున ఏదో మెరిసింది.

ముత్యాల మాదిరి. చిన్నచిన్నవి. తట్ట వంచితే నీళ్ళ కింద ఒకదాని వెనక ఒకటి జరిగాయి.

నేను తట్ట తీసుకుపోయి అత్త ముందు పెట్టాను.

"ఏందమ్మే?" అంది.

"సూడు అత్తా."

"నీళ్ళేమి సూసేది?"

"నీళ్ళ కింద సూడు."

చూసింది. పాప తుండులో ముక్కు ఒక్కటే బయటపెట్టి తుమ్మింది. అత్త తుండు కొసతో పాప చెవి తుడిచింది, మళ్ళీ తుడిచింది.

"ఒక్క సీసా దాపెట్టుకున్నా" అంది చివరికి. "దినామూ గాదు. తెల్లారి బిడ్డకు నీళ్ళు పోసే ముందర. పూసుకోకుంటే కాళ్ళు సాచలేనమ్మే. సాచితే ప్రాణం పోతాంది. ఈ బిడ్డకు నీళ్ళు పోసేదానికే పూసుకుంటి."

నేను కేకలు వేయాలని తట్ట పట్టుకుని పోయినదాన్ని. ఏం కేకలు వేసేది?

పాపను నా చేతిలో పెట్టింది. గోడ పట్టుకుని లేచి, వడ్లగుమ్మి వెనక నుంచి సీసా తీసి మీ తాత చేతికిచ్చింది. "బాషాకు ఇచ్చిరా. బిరడా గట్టిగా కొట్టమను" అంది. మరునాటి నుంచి నీళ్ళు నేను పోశాను. ఆమె గడపలో కూర్చుని పెత్తనం చేసేది, "మెడ కింద రుద్దమ్మే, బొమ్మకు పోస్తాండావా బిడ్డకు పోస్తాండావా" అని. కాళ్ళు మాత్రం మళ్ళీ ఎన్నడూ చాచలేదు. పాలు కూడా నేను మాన్పించలేదు. ఆ వేపాకు ఎండిపోయింది.

తరువాత నన్నూ పాపనూ కుప్పంలో మా అమ్మ దగ్గర పెట్టారు, ఇల్లంతా సున్నం కొట్టి, ఆ నూనె అంటిన గుడ్డలు తీసేసేదాకా. అక్కడే పాప మళ్ళీ అరవడం మొదలుపెట్టింది. అరగంట కూడా మా అమ్మను నిద్రపోనిచ్చేది కాదు. మా అమ్మ విసుక్కుంటుంటే నేను సంతోషంతో ఏడ్చాను. నా ఒళ్ళు తేరుకునేదానికి మాత్రం ఏండ్లు పట్టింది. ఎనభైల నడిమి దాకా, మీ నాయన పుట్టినాక కూడా, చిన్న దెబ్బ తగిలినా మానడానికి నెల. డాక్టరమ్మ ముందే చెప్పింది, అది వచ్చినంత సులభంగా పోదని.

అత్తకు నడుం చుట్టూ సర్పి లేచింది, ఆ తరువాత ఒక మామూలు జలుబు రొమ్ముకు దిగి తీసుకుపోయింది. వయసు అన్నారు. అయి ఉండొచ్చు. మంచాన పడ్డ రోజుల్లో ఆమెకు వెచ్చనీళ్ళతో ఒళ్ళు తుడిచింది పాపే. అప్పటికి బడికి పోతుండేది. "మెడ కింద రుద్దమ్మే" అని పడుకునే పెత్తనం చేసింది ఆమె. పాప వినిపించుకోలేదు, అటువైపుది వినపడని చెవి కదా.

బాషా పోయాక వాళ్ళ పిల్లలు షాపు అమ్మేశారు. వెనక గదిలో డ్రమ్ము ఏమైందో నాకు తెలీదు. ఎవరిని అడిగినా తెలీదన్నారు. అందుకే సుమా నిన్న ఆ సీసా చూస్తే అట్లయింది నాకు. అది ఆ నూనే అని నేను అనను. అన్నీ మునగవంట, అన్నీ విషం కాదంట. మునిగినా తేలినా, మోకాళ్ళకు వావిలాకు ఉండాది. దాన్ని నేలమీద పొయ్యొద్దు, పొయ్యిలో వెయ్యొద్దు. నువ్వు సదువుకున్నదానివి, యాడ ఇయ్యాల్నో కనుక్కో. నా తరంలో మాకు ఎవురూ సెప్పలేదు, ఇప్పుడన్నా ఎవురో ఒకరు...

"అమ్మా! సంగటి సల్లారిపోతాంది! ఎంతసేపని పిలిసేది!"

వింటివా పాప గొంతు? ఒక చెవి పోయిన మనిషి, లోకమంతా చెవిటిదే అనుకుంటాది మీ అత్త. మా అత్త నోరే వచ్చింది. వస్తాండానే! ఆ పక్క నుంచి పలికితే దానికి వినపడదు, నువ్వు పోయి చెప్పు. ఉండు, పోయే ముందర ఈ ఒక్కటి రాసుకో. కుప్పంలో దీని చెవి మొదటిసారి ఆరిన పొద్దు, దూది తీసి చూస్తే తెల్లగా ఉండాది, నేను ఆ దూదిని పట్టుకోని, ఇది ఇంక ఎంత అరిచినా విసుక్కోను దేవుడా అని మొక్కుకున్నా.

"అమ్మా! వస్తావా, నన్నే రమ్మంటావా?"

వస్తాండా తల్లీ, వస్తాండా